బాతుగారి క్రమసంఖ్య

పారిస్‌లో సెయిన్ నది ఒడ్డున, ఆరో అంతస్తులో, లా టూర్ దార్జాన్ అనే భోజనశాల ఉంది. తాను 1582లో పుట్టానని చెప్పుకుంటుంది. అసలు రెస్టారెంటు అనే ఏర్పాటే ఆ ఊళ్లో పద్దెనిమిదో శతాబ్దంలో గానీ మొదలవలేదని చరిత్రకారుల మాట. కానీ అంత వయసు చెప్పుకునే పెద్దమనిషిని పట్టుకుని బర్త్ సర్టిఫికెట్ చూపించమనడం మర్యాదేనా?

కిటికీలోంచి నోత్ర్ దామ్ చర్చి కనిపిస్తుంది. అందరూ తలతిప్పి చూసేది మాత్రం బాతు వైపే. ఫ్రెడెరిక్ దెలేర్ అనే యజమాని 1890లో మొదలుపెట్టిన ఆచారం ప్రకారం ఇక్కడ కోసే ప్రతి బాతుకూ ఓ నంబరుంటుంది. ఆ నంబరున్న కార్డు తిన్నవాడి చేతికిస్తారు. వేల్స్ యువరాజు తిన్నది 328వ బాతు. 1921లో జపాన్ యువరాజు హిరోహితో తిన్నది 53,211వది. 2003లో లెక్క పది లక్షలకు చేరింది. జనాభా లెక్కలు వాయిదా పడే దేశాలున్నాయి గానీ ఈ బాతుల లెక్క మాత్రం ఆగదు. యువరాజులకు మాత్రం ఎవరూ నంబరు వెయ్యలేదు. ఎవరి స్థాయి ఏమిటో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇక సంస్కారాలు. రొమ్ము మాంసం, కాళ్లు విడదీశాక మిగిలిన ఎముకల గూటిని వెండి యంత్రంలో పెట్టి, పైనున్న చక్రం తిప్పుతారు. కింది గొట్టంలోంచి చిక్కటి ఎర్రటి రసం గిన్నెలోకి జారుతుంది. అది నెత్తురే. దానికి మెత్తగా నూరిన కాలేయం, కొన్యాక్, మదీరా అనే మద్యాలు కలిపి సన్నని సెగమీద ఓపిగ్గా తిప్పుతూ చిక్కబరుస్తారు. తిప్పే మనిషి ముఖంలో నవ్వు ఉండదు. యజ్ఞం చేస్తూ ఎవరైనా నవ్వుతారా? మనం సంతలో చెరుకురసం మిషను చూసి ఇంత భక్తిగా నిలబడలేదంటే లోపం మిషనుది కాదు, అది వెండిది కాకపోవడానిది.

వైన్ల జాబితా నాలుగు వందల పేజీలు, ఎనిమిది కిలోల బరువు. తెరవాలంటే ముందు కండలు ఉండాలి. 1940లో జర్మన్లు వస్తున్నారని తెలిసి, నేలమాళిగలోని మంచి సీసాలకు అడ్డంగా గోడ కట్టేశారట. దేశం లొంగింది, సీసాలు లొంగలేదు.

హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు వాళ్లకు మాత్రం ఈ భక్తి లేదు. మూడు నక్షత్రాల్లో ఒకటి 1996లో, ఇంకొకటి 2006లో పీకేశారు. ఒక్కటే మిగిలింది. పైన నక్షత్రాలు రాలుతున్నకొద్దీ కింద బాతుల నంబరు పెరుగుతూ పోతోంది. ఎవరిది నిలకడో పాఠకులే తేల్చుకోవాలి.

పాతకాలపు ఫ్రెంచి హోటళ్లలో ఇంకో దయగల పద్ధతి ఉండేది. బిల్లు కట్టేవాడికి ధరలున్న మెనూ, అతిథికి ధరల్లేని మెనూ. అతిథి నిశ్చింతగా ఆర్డరిస్తాడు, ఎదుటివాడు చెమట తుడుచుకుంటాడు. చట్టప్రకారం అక్కడ కుళాయి నీళ్లు ఉచితమే. అయినా అంతటి వెండి యంత్రం ముందు కూర్చుని "మామూలు నీళ్లు చాలు" అనడానికి గుండె కావాలి.

అందుచేత నా విన్నపం ఒకటే. బాతు నంబరు కార్డు మీదే, చిన్న అక్షరాల్లోనైనా సరే, తిన్నవాడికీ ఓ నంబరు ముద్రించాలి. లేకపోతే ఆ కార్డుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్న పెద్దమనుషులు, ఇంటికొచ్చినవాళ్లకు బాతు నంబరునే తమ నంబరుగా చెప్పుకుంటూనే ఉంటారు.