మంజూరైంది గానీ శాంక్షన్ కాలేదు

"మీ పెన్షన్ ఫైలు మంజూరైందమ్మా. శాంక్షనే కాలేదు."

కౌంటర్ అవతల కూర్చున్న గుమాస్తాగారు మా పిన్నితో ఈ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. పక్కన నిలబడ్డ నాకు మాత్రం కళ్లు తిరిగాయి. శాంక్షన్‌ని తెలుగు చేస్తే మంజూరు, మంజూరుని ఇంగ్లీషు చేస్తే శాంక్షన్ అని ఇన్నేళ్లూ నమ్మి బతికినవాణ్ణి.

"రెండూ ఒకటే కదండీ?"

"భలేవారే. పైసారు సరే అన్నారు, అది మంజూరు. ఆర్డరు మీద సంతకం పడాలి, అది శాంక్షన్."

"సంతకం ఎప్పుడు పడుతుంది?"

"అప్రూవల్ వచ్చాక."

"సరే అన్నారన్నారుగా!"

"అది సమ్మతి సార్. అప్రూవల్ వేరు."

పక్క సీటు మేడమ్ ఫోను పక్కన పెట్టి మరీ సరిదిద్దారు. "సమ్మతి కాదండీ, అంగీకారం. సమ్మతి ఆడిట్ వాళ్లది." మూడో సీటాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "అసలు చిక్కంతా అక్కడే. ఫైలు అనుమతి కోసం పంపాం, ఆమోదంతో తిరిగొచ్చింది. అందుకే మళ్లీ వెనక్కి పంపాం." ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. అమరకోశం వల్లించడానికి జీతమిచ్చే ఆఫీసు ఇదొక్కటే అయ్యుంటుంది. పిన్ని సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసింది.

ఇంటికొచ్చి నిఘంటువులు ముందేసుకున్నాను. శాంక్షన్ లాటిన్ మాటట. పవిత్రం చేయడం అన్న ధాతువులోంచి వచ్చింది, సెయింట్‌కి దగ్గర చుట్టం. పై సారు గది బయట జనం చేతులు కట్టుకుని ఎందుకు నిలబడతారో అప్పుడు అర్థమైంది. తమాషా ఏమిటంటే అనుమతికీ శిక్షకీ కూడా ఇంగ్లీషులో ఇదే మాట. 2022లో ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపినందుకు అమెరికా, యూరప్ దేశాలు రష్యా మీద పెట్టినవి ఈ రెండో రకం శాంక్షన్లు. టీవీలో ఆ మాట విని పిన్ని నొచ్చుకుంది. "అంత దూరాన ఉన్నవాళ్లకి అన్నన్ని శాంక్షన్లు ఇచ్చారు, నాకొక్కటి ఇవ్వడానికేం రోగం?"

మంజూరు అరబ్బీ నుంచి వచ్చింది. నజర్ అంటే చూపు, మంజూర్ అంటే చూసినది. చూస్తే చాలు, అయిపోయినట్టే! మన ఆఫీసుల్లో అందరూ "చూస్తాం" అనే అంటారు, చూడరు. నజరానా పుట్టిన నజ్ర్ వేరు, ఈ నజర్ వేరు అని పండితులు గట్టిగా చెబుతారు. పండితులకి కౌంటర్ దగ్గర పనిపడి ఉండదు. ఇక ఆమోదమంటే సంస్కృతంలో పరిమళం. పిన్ని ఫైలుకి బొద్దింకల మందు వాసన.

వ్యాకరణం ఇంకా గొప్పది. అధికారి ఉత్తరం రాస్తే "మంజూరు చేయడమైనది" అంటాడు. చేసిందెవరో బ్రహ్మకి కూడా తెలియదు. నాయకుడు ఫ్లెక్సీ కడితే "సీసీ రోడ్డు మంజూరు చేయించిన" అని ప్రేరణార్థకం వాడతాడు. మనకి మిగిలింది ప్రశ్నార్థకం ఒక్కటే: "అవుతుందాండీ?"

ఇదే శాంక్షన్ ఇంకోచోట ఎంత శ్రద్ధగా కాపలా కాస్తుందో చూడండి. లంచం తీసుకుంటూ ఏసీబీకి దొరికిన ఉద్యోగి వేళ్లు, నోట్లకి పూసిన పొడి అంటుకుని, సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచగానే గులాబీ రంగుకి తిరిగినా సరే, అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం సర్కారు శాంక్షన్ ఇస్తేగానీ కోర్టు ఆ కేసు చేపట్టకూడదు. ఆ నిర్ణయానికి 2018 సవరణ 3 నెలలు, మహా అయితే ఇంకో నెల గడువు పెట్టింది. నిజాయితీపరుల్ని దొంగ కేసుల నుంచి కాపాడటానికి ఈ ఏర్పాటు అంటారు. కావచ్చు. కానీ అక్కడ ఫైలు ఆగితే దొరికినవాడు ఇంట్లో హాయిగా భోంచేస్తాడు. ఇక్కడ ఫైలు ఆగితే మా పిన్ని బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటుంది. ఒకే మాట వాడికి గొడుగు, ఈమెకి గొళ్లెం.

బాబాయి పోయి 14 నెలలైంది. 31 ఏళ్లు బళ్లో సుద్దముక్కల పొడి మింగి సంపాదించుకున్న పెన్షన్ అది. ఆయన భార్య మిమ్మల్ని దానం అడగడానికి రాలేదు. ఆ కిటికీ ముందు ఆవిడ కూర్చోవడానికి ఒక కుర్చీ వేయలేని మీకు ఇన్ని పర్యాయపదాలు కావలసి వచ్చాయా? ఆవిడ డబ్బు ఆవిడకివ్వడానికి మంజూరేమిటి, మీ బొంద!

నిన్న ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. శాంక్షన్ అయిందట. రిలీజ్ కాలేదట.

పిన్ని నా బల్ల మీది పుస్తకాల వైపు చూసింది. "దీనికి ఏది తిరగేస్తావురా?"