స్ప్రింగ్ మార్చినందుకు ఇంత మాటా?

మొన్నటి మన సంఘం వార్షిక సమావేశంలో హాబీల గదివైపు వచ్చినవాళ్లకు నేనెవరో గుర్తుండే ఉంటుంది. కోశాధికారి గారి తెల్ల చొక్కా మీద కాఫీ చిమ్మింది నేను స్ప్రింగ్ మార్చుకున్న నా ఇంటి ఎస్‌ప్రెసో మెషీనే. అక్కడికక్కడే క్షమాపణ చెప్పాను, ఉతికించి ఇస్తానంటే వద్దన్నారు కూడా. కాబట్టి చొక్కా సంగతి తీరిపోయింది. తీరనిది, టేబుల్ చుట్టూ ఉన్న పదిహేను మంది ముందు ఆయన అన్న మాట: "కంపెనీ వాడికి తెలియదా అండీ, మీకే తెలుసా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా. మర్నాడు వాట్సాప్ గ్రూపులో కార్యవర్గం తరఫున మెసేజ్ వచ్చింది, సొంతంగా మార్పులు చేసిన మెషీన్లుగానీ వాటి విడిభాగాలుగానీ ఇకమీదట హాలుకి తేకూడదని. నా పేరు రాయలేదు. కానీ ఆ మెసేజ్ కింద బొటనవేలు ఎత్తినవాళ్లలో ఆ రోజు నా దగ్గర రెండో కప్పు అడిగి తాగినవాళ్లు ముగ్గురున్నారు, చూశాను.

అందుకే ఇది రాస్తున్నాను. రెండు వైపులా రాయమని సంపాదకులు అడిగారు. ప్రయత్నిస్తాను.

ముందు ఆయన ప్రశ్నకే జవాబు. కంపెనీ వాడికి తెలుసు, నాకంటే వెయ్యి రెట్లు బాగా తెలుసు. కాకపోతే వాడు ఆ మెషీన్ చేసింది నన్ను దృష్టిలో పెట్టుకుని కాదు. ఇంటి మెషీన్ల డబ్బా మీద పెద్ద అక్షరాలతో 15 బార్ అని ఉంటుంది చూడండి (బార్ అంటే ఒత్తిడి కొలిచే లెక్క), అది లోపలున్న చిన్న వైబ్రేషన్ పంపు గట్టిగా తోస్తే ఎంత తోయగలదో చెప్పే అంకె. కాఫీకి అంత అక్కర్లేదు. ఎస్‌ప్రెసోకి చాలామంది పాటించే లెక్క 9 బార్ ఒత్తిడి, 90 నుంచి 96 డిగ్రీల నీళ్లు, 18 గ్రాముల పొడి పెడితే 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ. ఈ లెక్క వేదవాక్కేమీ కాదు, ఇటూ అటూ జరపొచ్చు, కానీ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మరి వాడు ఎక్కువ ఎందుకు పెట్టాడంటే, మెషీన్‌తో పాటు తరచూ వచ్చే, పొడి నింపే చిన్న గిన్నెకి, అంటే బాస్కెట్‌కి రెండు అడుగులుంటాయి. పై అడుగు జల్లెడలా ఉంటుంది, కింది దానికి ఒకే ఒక్క సూది బెజ్జం. ఒత్తిడి ఆ బెజ్జం దగ్గర పుడుతుంది, పొడితో పనిలేదు. ప్యాకెట్‌లో వచ్చిన పొడి ఎంత బరకగా ఉన్నా, మీరు దాన్ని ఎంత వంకరగా నొక్కినా పైన ఇంత నురగ వచ్చి కూర్చుంటుంది. పొద్దున్నే మీట నొక్కి తాగేసి పనికి పోయే మనిషికి అది చక్కగా సరిపోతుంది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎప్పుడైతే మనం గ్రైండర్ కొనుక్కుని ఒంటి అడుగు బాస్కెట్‌కి మారామో అప్పుడే పేచీ. ఇప్పుడు నీళ్లను ఆపాల్సింది పొడి బిళ్ల ఒక్కటే. దాని మీద మరీ ఎక్కువ ఒత్తిడి పడితే బిళ్ల బిగుసుకుపోతుంది, నీళ్లు ఎక్కడ బలహీనంగా ఉందో వెతుక్కుని అక్కడ సన్నని దారి చేసుకుని దూరిపోతాయి. దీన్నే ఛానలింగ్ అంటారు. ఆ దారిలో ఉన్న పొడిలోంచి చేదంతా దిగిపోతుంది, పక్కనున్న పొడి సగం సగం తడిసి పులుపు మాత్రమే ఇస్తుంది, రెండూ వచ్చి ఒకే కప్పులో పడతాయి. నేను ఏడాది పాటు గింజల్ని తిట్టుకున్నది దీనికే.

పంపు నుంచి నీళ్లు వెళ్లే దారిలో ఓపీవీ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది, లోపల ఒక స్ప్రింగ్. ఒత్తిడి హద్దు దాటితే స్ప్రింగ్ వెనక్కి తగ్గి ఎక్కువైన నీళ్లను ట్యాంకులోకి వదిలేస్తుంది. ఆ హద్దు ఎక్కడో స్ప్రింగ్ బిగువే చెబుతుంది. నా మెషీన్‌కి ఒత్తిడి కొలిచే గేజ్ బిగించి చూస్తే ముల్లు 12 దాటి నిలబడింది. కాస్త మెత్తని స్ప్రింగ్ వేస్తే 9 దగ్గర ఆగుతుందని చదివాను. పని మొత్తం ఇంతే: ప్లగ్ తీసి, మెషీన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, పై మూత మరలు రెండు విప్పి, వాల్వ్ మూత తిప్పి, పాతది తీసి కొత్తది పెట్టడం. పావుగంట పని. నాకు మాత్రం ఒక రాత్రి పట్టింది. వాల్వ్ మూత చివరి చుట్టు తిప్పగానే పాత స్ప్రింగ్ ఎగిరింది, ఎటు పోయిందో తెలియదు, దాంతో పాటు చిటికెన వేలి గోరంత రబ్బరు రింగు కూడా పోయింది. నేను ఫోన్ లైటు వేసుకుని నేల మీద బోర్లా పడుకుని ఫ్రిజ్ కింద వెతుకుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడి, "రేపు పొద్దున కాఫీ ఉందా, లేదా? అది చెప్పండి, పడుకుంటాను" అంది. స్ప్రింగ్, రింగు రెండూ దొరికేసరికి ఒంటిగంట. మళ్లీ బిగించి, గేజ్ పెట్టి, స్విచ్ నొక్కాను. ముల్లు నెమ్మదిగా లేచి తొమ్మిదిన్నర దగ్గర ఆగింది, వెనక ట్యాంకులోకి సన్నగా నీళ్లు కారుతున్న చప్పుడు. నీళ్లు పారకుండా మూసి కొలిస్తే ముల్లు కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి అది సరైన అంకె. ఆ ధార చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే, ఎవరికి చెప్పినా అర్థం కాదు, అర్థమయ్యేవాళ్లకు చెప్పక్కర్లేదు.

కోశాధికారి గారూ, ఒక్క మాట. మీరు తాగే ఎస్‌ప్రెసో పైన ఉండే ఆ నురగ కంపెనీ వాడు చెప్పిన దారిలో పోతే వచ్చింది కాదండీ. మిలాన్‌లో కాఫీ బార్ నడిపే అకిల్లె గాజ్జా 1938లో పేటెంట్ తీసుకున్నాడు, ఆవిరి బలంతో వచ్చే కాఫీ మాడు రుచి నచ్చక. యుద్ధం అయ్యాక ఆయన మీటలాగే మెషీన్లు వచ్చాయి, మీట లాగితే స్ప్రింగ్ ముడుచుకుని, వదిలితే అది పిస్టన్‌ని తోసేది, ఆ ఒత్తిడికే నురగ వచ్చింది. అవును, స్ప్రింగే. 1961లో ఫాయెమా ఈ61 అనే మెషీన్ వచ్చి ఆ పని ఎలక్ట్రిక్ పంపుకి అప్పజెప్పింది. ఇక పొడిని సూదితో కలిపి ఉండలు చిదిపే పద్ధతి, ఇప్పుడు పోటీలకి వెళ్లే బరిస్టాలు కూడా చేసేది, 2005లో జాన్ వైస్ అనే ఒక ఇంటి కాఫీ మనిషి అందరికీ చెప్పిందే. ఆయన పేరు మీదే దాన్ని వైస్ డిస్ట్రిబ్యూషన్ టెక్నిక్, పొట్టిగా డబ్ల్యూడీటీ అంటారు. మనలో సగం మంది రోజంతా ఎవరో రాసిపెట్టిన కోడ్ విప్పి, మార్చి, మళ్లీ బిగించే ఉద్యోగమే చేస్తున్నాం. ఇంటికొచ్చి రెండు మరలు విప్పితే మాత్రం తప్పెలా అయిందో నాకు అర్థం కాదు.

సరే, ఇప్పుడు రెండో వైపు.

చొక్కా మీద కాఫీ ఎందుకు చిమ్మిందో నాకు తెలుసు. నేను వాడేది అడుగు కోసేసిన పోర్టాఫిల్టర్, అంటే బాస్కెట్‌ని పట్టి ఉంచే పిడి. మామూలు దానికి కింద రెండు ముక్కులుంటాయి, బాస్కెట్‌లో ఏ ఘోరం జరిగినా అది ముక్కుల్లోంచి బుద్ధిగా కారుతుంది. దీనికి దాపరికం లేదు. బిళ్లలో ఒక చోట దారి పడితే అక్కణ్ణుంచి పిచికారీ కొట్టినట్టు పక్కకు ఎగురుతుంది. ఆ రోజు జనం నిలబడి ఉన్నారు, తొందరలో సూదితో కలపలేదు, పొడిని అదిమే టాంపర్ కాస్త ఒరిగింది, అంతే. స్ప్రింగ్ ఏ పాపమూ ఎరగదు.

కానీ చొక్కా గొడవ సర్దుమణిగాక ఒక అమ్మాయి, ఇంజినీరింగ్ చదువుతోందట, టేబుల్ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "అంకుల్, స్ప్రింగ్, బాస్కెట్, షవర్ స్క్రీన్, పీఐడీ అన్నీ మార్చానన్నారు కదా. వీటిలో దేనివల్ల రుచి మారింది?" (షవర్ స్క్రీన్ అంటే పొడి మీద నీళ్లు చల్లే జల్లెడ, పీఐడీ అంటే నీళ్ల వేడిని ఒకే చోట నిలిపే ఎలక్ట్రానిక్ పరికరం.) నా దగ్గర జవాబు లేదు. స్ప్రింగ్ వేసిన వారంలోనే మిగతావీ వచ్చేశాయి, ఆగలేక అన్నీ ఒకేసారి పెట్టేశాను, మధ్యలో గింజల ప్యాకెట్ కూడా మారింది. కోశాధికారి గారి మాటకంటే ఆ పిల్ల అడిగిన తీరే నన్ను ఎక్కువ రోజులు పట్టుకుంది. తను ఎగతాళి చేయలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

తరవాత రెండు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ పాతది వేసి, కొత్తది వేసి, కాఫీ తూకం వేసి, సమయం రాసుకుని చూశాను. స్ప్రింగ్ మార్పు స్పష్టంగా తెలుస్తోంది, పిచికారీలు బాగా తగ్గాయి. బాస్కెట్ మారిస్తే షాట్‌కీ షాట్‌కీ (అంటే కప్పుకీ కప్పుకీ) తేడా తగ్గింది. షవర్ స్క్రీన్ మెరుస్తుంది, శుభ్రం చేయడం తేలిక, రుచిలో తేడా నా నాలుకకైతే దొరకలేదు. పీఐడీ పెట్టాక పులుపు రోజులు పోయాయి. మామూలు థర్మోస్టాట్ హీటర్ని ఆపాక కూడా వేడి పైకి పోతూనే ఉంటుంది, మళ్లీ వేసేలోపు చాలా కిందికి జారుతుంది, ఆ ఊగిసలాటలో మనం ఏ క్షణాన స్విచ్ నొక్కామన్నది మన అదృష్టం. పీఐడీ రాకముందు నేను లైటు ఆరగానే అంకెలు లెక్కపెట్టుకుని షాట్ తీసేవాణ్ణి, నేను మరిచిపోతే మా ఆవిడ పక్క గదిలోంచి "ఇరవై మూడు!" అని అరిచేది. దానికి కొంచెం బెంగగానే ఉంది, నిజం చెప్పాలంటే.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం మెషీన్ జోలికి పోకుండానే వచ్చింది. గ్రైండర్. పొడిలో సన్నపు నలుసులు, బరక ముక్కలు ఎగుడుదిగుడుగా ఉంటే పైన ఎన్ని స్ప్రింగులు మార్చినా వృథా. ఇంకా సన్నగా, ఇంకా సన్నగా అని మరీ నూరుకుపోవడం కూడా తప్పేనట. ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్, సహచరులు కలిసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, కొంచెం బరకగా, తక్కువ పొడితో తీస్తే కాఫీ రోజూ ఒకేలా వస్తోందని చూపించారు, సన్నబడేకొద్దీ నీళ్లు బిళ్ల అంతటా సమంగా పోకపోవడమే కారణమని. నేను ఇది చదివింది మెషీన్ మొత్తం విప్పేశాక. మా హాబీ వాళ్ల గుణం ఇదే, ముందు స్క్రూడ్రైవర్, తరవాత చదువు. చిరాకే, కానీ వాళ్లతో కూర్చుంటే టైము తెలియదు.

కార్యవర్గం భయంలో న్యాయం ఉందని కూడా ఒప్పుకుంటాను. డబ్బాలో మరిగే నీళ్లు, వాటి పక్కనే మెయిన్స్ కరెంటు. పీఐడీ పెట్టేవాళ్లు హీటర్ని వేసి ఆపే సాలిడ్ స్టేట్ రిలేని ఎక్కడో అతికించి, ఎర్త్ తీగ మళ్లీ బిగించడం మరిచిపోయిన సందర్భాలు నాకు తెలుసు. వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దాన్ని పక్కకు తప్పించి తీగ కలిపేసే మహానుభావులున్నారు, వాళ్లని మీరు హాల్లోకే కాదు, గేటు లోపలికి కూడా రానివ్వకండి, నేనే కాపలా ఉంటాను. త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో భాగాలు చేసి బాయిలర్ దగ్గర పెట్టేవాళ్లు ఇంకొందరు. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుందని వాళ్లకి తెలిసేది భాగం కారిపోయాక. వేడి నీళ్లు పోయే గొట్టం ఆహారానికి పనికొచ్చే సిలికాన్‌దేనా అని అడిగితే "ఆన్‌లైన్‌లో దొరికింది" అంటారు. హాలు బీమా కాగితం మీద సంతకం పెట్టేవాడికి ఇవన్నీ వింటే నిద్ర పట్టదు, పట్టకూడదు కూడా.

అయితే ఆ మెసేజ్‌లో రాసినట్టయితే బాస్కెట్ మార్చినవాడూ, పొడి మీద రేకు జల్లెడ పెట్టుకున్నవాడూ, ఫ్యూజ్ తప్పించినవాడూ ఒకే గాటన కట్టబడ్డారు. బాస్కెట్‌కి కరెంటేమిటండీ, అది చిల్లుల గిన్నె. నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. లోపల తీగల్ని ముట్టుకున్న మెషీన్ అయితే పని తెలిసినవాళ్లు ఎర్త్, ఫ్యూజ్ చూసి సరే అంటేనే ప్లగ్ పెట్టనివ్వండి. మన సభ్యుల్లో ఎలక్ట్రికల్ ఇంజినీర్లకు కొదవా, ఒక గంట కూర్చోమంటే ఎవరూ కాదనరు. తీగల జోలికి పోనివి వదిలేయండి. ఇంకొకటి, హాబీల గదిలో ఒక మూల విప్పి చూసే టేబుల్ ఒకటి వేయనివ్వండి. పిల్లలు వాళ్ల నాన్నలు తెచ్చిన పాత మెషీన్ విప్పి లోపల ఏముందో చూస్తారు, మేం ప్లగ్ కూడా పెట్టం. ఆ అమ్మాయిలాంటి ప్రశ్న అడిగేవాళ్లు ఇంకో నలుగురు తయారైనా నాకు చాలు, మాలాంటి వాళ్లని దారిలో పెట్టడానికి.

పై నెల కార్యవర్గ సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి రాశాను. ఒప్పుకుంటే నేను రెండు స్ప్రింగులూ సంచిలో వేసుకుని వస్తాను, పాతది ఇంకా దాచే ఉంచాను. ఒక కప్పు పాత దానితో, ఒక కప్పు కొత్త దానితో, ఏది ఏదో చెప్పకుండా కోశాధికారి గారి ముందు పెడతాను. పాతదే బాగుందంటే పాతదే బిగించి ఇంటికి తీసుకెళ్తాను. పొడి సూదితో కలుపుతాను, ఈసారి తొందరపడను. ఎందుకైనా మంచిది, ఆయన ముదురు రంగు చొక్కా వేసుకొస్తే నాకు టెన్షన్ ఉండదు.