క్విడిచ్ సీకర్ ఒక్కడి ఆటేనా?

హ్యారీ పాటర్ కథల్లో మంత్రగాళ్లు చీపుర్ల మీద ఎగురుతూ ఆడే ఆట క్విడిచ్. జట్టుకు ఏడుగురు; వాళ్లలో సీకర్ పని స్నిచ్ అనే చిన్న రెక్కల బంతిని పట్టడం, అది పట్టగానే ఆట ముగుస్తుంది. హ్యారీ పాటర్ ప్రస్తావన వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ మాట తెస్తారు: "స్నిచ్‌కి 150 పాయింట్లు, గోలుకి 10. ఇక మిగతా ఆరుగురూ గాల్లో చక్కర్లు కొట్టడం దేనికి?" వినడానికి బాగానే ఉంటుంది. కథలోని స్కోర్లు మాత్రం వేరే చెబుతాయి.

మొదట, "స్నిచ్ పట్టినవాడిదే గెలుపు" అన్న మాట. ప్రపంచకప్ ఫైనల్లో స్నిచ్ పట్టింది బల్గేరియా సీకర్ క్రమ్. కప్పు మాత్రం 170-160తో ఐర్లాండ్‌ది. అప్పటికి ఐర్లాండ్ పదిహేడు గోల్స్ కొడితే బల్గేరియాది ఒక్కటే. ఇక అందుకోలేమని తెలిసి, ఇంకా చితికిపోకముందే క్రమ్ ఆట ముగించేశాడు. ఇదేదో ఒక్కసారి జరిగిన వింత కాదు. జిన్నీ స్నిచ్ పట్టిన మ్యాచ్‌లో కూడా ఆమె జట్టు గ్రిఫిండర్ (హ్యారీ జట్టు కూడా ఇదే) 240-230తో అదే స్కూల్లోని హఫిల్‌పఫ్ జట్టు చేతిలో ఓడింది.

"సీకర్‌కి జట్టుతో పనేముంది?" అనడం మరీ అన్యాయం. స్కూలు కప్పుకి అన్ని మ్యాచ్‌ల పాయింట్లూ కలుపుతారు. మూడో పుస్తకంలో ప్రత్యర్థి జట్టు స్లిథరిన్ సరిగ్గా 200 పాయింట్లు ముందుంది. అందుకే గ్రిఫిండర్ కెప్టెన్ వుడ్ తమ సీకర్ హ్యారీకి ఒకటే నూరిపోశాడు: మన ఆధిక్యం 50 దాటాకే స్నిచ్ పట్టు, తొందరపడితే మ్యాచ్ గెలిచి కప్పు పోగొట్టుకుంటాం. చేజర్లు గోల్స్ కొట్టేదాకా స్నిచ్ ముక్కు ముందు ఎగిరినా ముట్టుకోకూడదన్నమాట! చివరికి 230-20తో గెలుపూ, కప్పూ గ్రిఫిండర్‌వే.

ఆటగాళ్ల మీదికి దూసుకొచ్చే బ్లడ్జర్ బంతులను బ్యాట్లతో తరిమే బీటర్లు దండగా? రెండో పుస్తకంలో తమ బీటర్లైన వీజ్లీ కవలలను హ్యారీ పక్కకు తప్పుకోమన్న కాసేపటికే బ్లడ్జర్ వచ్చి అతని చెయ్యి విరగ్గొట్టింది.

"నిజంగా ఆడేవాళ్లే స్నిచ్‌ని 30కి తగ్గించారుగా" అని ఇంకో వాదన. నిజమే. 2005లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో మొదలైన నేలమీది ఆట అది, ఇప్పుడు దాని పేరు క్వాడ్‌బాల్. అక్కడ మ్యాచ్ త్వరగా తేలిపోవాలి. కథలోని ఆటకు గడియారమే లేదు, రికార్డు మూడు నెలలని వుడ్డే చెబుతాడు. అంతసేపు గోల్స్ పడుతుంటే 150 ఏ మూలకి?

చిన్న మ్యాచ్‌లకు 150 ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. హీరోనే సీకర్ కావడంతో మన చూపంతా అతని మీదే ఉంటుంది, అదొకటి. కానీ ఆరో పుస్తకంలో హ్యారీ మైదానంలోనే లేని రోజు చూడండి. స్నిచ్‌ 150తో కలిపి గ్రిఫిండర్ 450, రేవెన్‌క్లా జట్టు 140. ఆ స్నిచ్‌ని రేవెన్‌క్లాయే పట్టిందనుకున్నా స్కోరు 300-290. అప్పుడూ గెలుపు గ్రిఫిండర్‌దే.