పంచదార కట్టిన కల

అమెరికాకు చెందిన నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1951 నాటి ‘హార్లెమ్’ కవితలో, వాయిదా పడిన కల ఏమవుతుందని అడిగి, ఎండకు వడిలిన ద్రాక్ష, రసి కారే పుండు, కుళ్ళిన మాంసం వంటి పోలికలను ఒకదాని వెంట ఒకటి పేరుస్తారు. ఈ కవితపై మీరు రాసిన వ్యాసం, కల పేలిపోతుందా అన్న కవిత చివరి ప్రశ్న గురించే ఎక్కువగా చర్చించింది. 1943లో, న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా నివసించిన హార్లెమ్ పేట వీధుల్లో చెలరేగిన అల్లర్లు తెలిసినవారికి అది సహజమే. నన్ను మాత్రం కలవరపెట్టింది ఆ కవితలోనే ఉన్న మరో పోలిక, పైన పంచదార పేరుకుని గట్టిపడిన మిఠాయి. నిలవ ఉన్న పాకం మీద తెల్లటి పెచ్చు కట్టినప్పుడు అది పాడైందని ఎవరికీ తోచదు, వాసన రాదు, పైగా నోరూరిస్తుంది కూడా. కోరుకున్న చదువునో వృత్తినో వదులుకుని, అంతా మన మంచికేనని నవ్వుతూ చెప్పుకునేవారి కల అలాగే గట్టిపడి ఉంటుందేమో. (పుండుకైతే కనీసం ఎవరో ఒకరు మందు రాస్తారు.) మరో సంగతి, దాదాపు అన్నీ ప్రశ్నలే అయిన ఆ పదకొండు పంక్తుల్లో, బరువైన మూటలా కుంగిపోతుందేమోనన్న వాక్యం ఒక్కటే ప్రశ్న కాదు. ఉద్యోగాల్లోనూ అద్దె ఇళ్ళలోనూ నల్లజాతివారికి ఎదురైన వివక్షను దగ్గరగా చూసిన కవి అక్కడ అడగడం మానేశారంటే కారణం ఉండాలి. వ్యాసం దాన్ని ప్రస్తావించకపోవడం నాకు లోటుగానే అనిపించింది.