తగలని దెబ్బకు పడేవాడు

తెర మీద కథానాయకుడు పిడికిలి విసురుతాడు, ఎదుటివాడు గాలిలో గిరికీ కొట్టి బల్ల మీద పడతాడు, బల్ల విరుగుతుంది, చప్పట్లు మాత్రం పిడికిలి విసిరినవాడికి పడతాయి. ఇందులోని అన్యాయం ఎంతటిదో చాలా తక్కువ ఖర్చుతో తీస్తున్న ఒక కుంగ్‌ఫూ హాస్యచిత్రానికి మాటలు రాయడానికి కుదిరినప్పుడు కళ్లారా చూశాను. సినిమాలో సగానికి పైగా పోరాటాలే కనుక, కొట్టుకునేవాళ్లకు మాటలెందుకులే అనుకుని, సగం పారితోషికానికే ఒప్పుకున్నాను. అటువంటి సినిమాలో పోరాటానికి ఎక్కడ చిల్లు పడినా దాన్ని మాటలతోనే పూడుస్తారని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.

ఫైట్ మాస్టరుగారు మొదటి రోజునే ఒక మాట అన్నారు: "కొట్టడానికి ఎవరైనా చాలు బాబూ, తినడానికే మనిషి కావాలి." ఆయన చెప్పినదాని ప్రకారం పిడికిలి ముఖానికి జానెడు దూరంలోంచి వెళ్లిపోతుంది. కెమెరాను కొట్టేవాడి భుజం వెనకనో, తినేవాడి భుజం వెనకనో పెడితే ఆ జానెడు ఖాళీ ప్రేక్షకుడి కంటికి ఆనదు. ఇంకాస్త దూరం జరిగి లాంగ్ లెన్స్ తగిలిస్తే ముందున్నదీ వెనకున్నదీ ఒకదానికొకటి అతుక్కున్నట్టే కనిపిస్తాయి. అదే కెమెరాను పక్కకు తెచ్చి పెడితే గుట్టంతా రట్టవుతుంది. ఇక మిగిలిన పని మొత్తం తినేవాడిది. పిడికిలి తన ముక్కు ముందుగా దాటే క్షణానికి అతడు తల విసరాలి, ఆ వెంటనే భుజం, ఆ తరువాత నడుము తిరగాలి. రెప్పపాటు ముందు పడ్డాడా, జ్యోతిష్కుడిలా ఉంటాడు. రెప్పపాటు ఆలస్యంగా పడ్డాడా, ఉత్తరం అందాక పడ్డట్టుంటుంది. చొక్కా మీద ముందే కాస్త పౌడరు చల్లి ఉంచితే దెబ్బ తగిలినచోట దుమ్ము లేచినట్టు కనబడుతుంది. హాంకాంగ్ సినిమాలవాళ్లు ఈ ఉపాయాన్ని బాగా వాడుకున్నారు. మా సినిమాలో పౌడరుకు లోటు రాలేదు. లోటు వచ్చినవన్నీ తక్కిన విషయాలలోనే.

"ఇరవై మంది రౌడీలు చుట్టుముడతారు" అని కథలో ఉన్నదాన్ని నిర్మాతగారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "నలుగురు చుట్టుముట్టలేరా?" అని అడిగారు. దిక్కులు నాలుగే కనుక దర్శకుడి దగ్గర సమాధానం లేకపోయింది. ఆ నలుగురు ఫైటర్లే ఇరవై మంది కావలసి వచ్చింది. ఎడమ పక్క దెబ్బ తిని పడ్డవాడు నేల మీద దేకుతూ కెమెరా వెనకకు వచ్చి, చొక్కా మార్చుకుని, మీసం అతికించుకుని, కుడి పక్క నుంచి సరికొత్త పగతో ప్రవేశించేవాడు. అంతా సవ్యంగా జరిగినప్పుడు ఇది కనిపెట్టడం కష్టమే. అయితే నలుగురికీ కలిపి మీసం ఒకటే ఉండటం వల్ల, చేతులు మారి మారి దాని జిగురు ఆరిపోయి, ఒకానొక దెబ్బ దగ్గర అది కథానాయకుడి పిడికిలికి అంటుకుని వచ్చేసింది. ఆయన గమనించకుండా ఆ చేత్తోనే చెమట తుడుచుకోవడంతో, తరువాతి దెబ్బ కొట్టేసరికి మీసం ఆయనకే మొలిచి ఉంది. దర్శకుడు నా వైపు తిరిగి, "ఇక్కడ ఒక మాట వేయండి, సరిపోతుంది" అన్నాడు. "నీ మీసం తీస్తానన్నాను, తీశానా లేదా!" అని రాసిచ్చాను. ఒకే ముఖం పదే పదే వస్తున్నదన్న సంగతికి కూడా, "మీరెంత మంది అన్నదమ్ములురా!" అన్న మాట ఒకటి ఇవ్వవలసి వచ్చింది.

సీసా సంగతి ఇంతకన్నా వివరంగా చెప్పవలసినది. తల మీద సీసా బద్దలయ్యే దృశ్యానికి పాతకాలం నుంచి వాడుతున్నది చక్కెర గాజు. చక్కెరను ముదురు పాకం పట్టి అచ్చులో పోసి చల్లారనిస్తే గాజులాగే మెరుస్తుంది, తగిలీ తగలగానే పెళుసుగా పగులుతుంది, గాజులా కోయదు. చక్కెరకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది కనుక దాన్ని ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు, వేడి తగలనివ్వకూడదు. ఈ బాధ పడలేకనే ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో చేసిన సీసాలు వాడుతున్నారు. 1985లో జాకీ చాన్ తీసిన 'పోలీస్ స్టోరీ'లో ఎన్ని అద్దాలు పగిలాయంటే, దానికి పనిచేసిన స్టంటువాళ్లు ముచ్చటపడి 'గ్లాస్ స్టోరీ' అని పేరు మార్చి పిలుచుకున్నారట. మా కథకు దక్కినది ఒక్క సీసా. అదీ ముందు రోజు సాయంత్రం చేసినది. మర్నాడు ఉదయమంతా, ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న జాగ్రత్తతో, దాన్ని లైటు కిందే భద్రంగా నిలబెట్టి ఉంచారు.

కథానాయకుడు సీసా ఎత్తి ఫైటరు తల మీద దించాడు. అది పగలలేదు. మెడ దగ్గర వినయంగా వంగి, అతడి జుట్టును గట్టిగా పట్టుకుని అక్కడే స్థిరపడింది. ఫైటరు వృత్తిధర్మం తెలిసినవాడు కనుక, పగిలిన సీసాకు ఎలా పడాలో సరిగ్గా అలాగే, కళ్లు తేలవేసి మూడు చుట్లు తిరిగి పడ్డాడు. సీసా మాత్రం అతడి తల మీద కొమ్ములా నిలబడే ఉంది. అతడు స్పృహ తప్పి పడి ఉండగా కథానాయకుడూ నాయికా అక్కడే ప్రేమ విషయం మాట్లాడుకోవాలి. ఆ మాటలు నేను కాస్త పొడుగ్గానే రాశాను. అవి సగంలో ఉండగా చీమలు వచ్చాయి. మొదట చెవి దగ్గరికి వచ్చాయి, తరువాత మెడ దాటి చొక్కాలోకి దిగాయి. స్పృహ లేనివాడి కాలి బొటనవేలు ముందుగా కదిలింది, ఆ తరువాత భుజం, ఆ పైన మనిషంతా. "స్పృహ తప్పినవాడు కదలకూడదు!" అని దర్శకుడు మానిటర్ వెనక నుంచి అరిచాడు. "స్పృహ తప్పింది నాకే కానీ చీమలకు కాదు సార్" అని అతడు కళ్లు తెరవకుండానే జవాబిచ్చాడు. ఆ మాట నేను రాసిన మాటలన్నిటికన్నా బాగుందని అక్కడివాళ్లు అనుకోవడం నా చెవిన పడింది. దృశ్యంలో దాన్ని ఉంచలేదు. అందులో నా అసూయ పాత్ర ఏమీ లేదు.

ఇక అసలు దెబ్బ. ఆ నలుగురిలో పెద్దవాడైన ఫైటరు తగలని దెబ్బలకు పడటంలో ఆరితేరినవాడు. గాలి తగిలితే చాలు, వెనకకు పల్టీ కొట్టి, ఇట్టే విరిగే తేలికైన బాల్సా చెక్కతో చేసిన కుర్చీని ముక్కలు చేసి, పైకప్పు వైపు ఒక చూపు చూసి పడిపోగలడు. ఆ రోజు కథానాయకుడు ఉత్సాహం ఎక్కువై, నేల మీద గీసిన గుర్తును అరడుగు దాటి వచ్చాడు. చెంప ఛెళ్లుమంది. అక్కడున్న వాళ్లందరం విన్నాం. అంతటి కళాకారుడు పల్టీ కొట్టలేదు, తిరగలేదు, తూలనైనా తూలలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఇదేమిటి బాబూ?" అన్నాడు.

"కట్" అన్నాడు మానిటరు దగ్గరున్న దర్శకుడు. "అస్సలు బాగాలేదు. దెబ్బ తగిలినట్టే లేదు. ఇంకోసారి చేద్దాం."

దర్శకుడిని తప్పుపట్టలేము. నిజంగా దెబ్బ తిన్న మనిషి చేసేది చాలా తక్కువ. కళ్లు ఆర్పుతాడు, దవడ ఒకసారి కదిపి చూసుకుంటాడు, కొట్టినవాడి వంక నివ్వెరపోయి చూస్తాడు. ఒక చేతి దెబ్బకు నిండు మనిషి అమాంతం ఎగిరి బల్ల మీద పడటం ప్రకృతిలో లేదు, అది ఫైటరు తన కాళ్ల బలంతో ప్రేక్షకుడికి ఇచ్చే కానుక. తెర మీద నమ్మించాలంటే నిజం కన్నా చాలా ఎక్కువ చేయాలి కనుక, నిజం అక్కడ ఎప్పుడూ తక్కువగానే పడుతుంది. కథానాయకుడు పాపం భయపడి, రెండోసారి ఏకంగా రెండు బారల దూరం నుంచి చెయ్యి విసిరాడు. పెద్దాయన వాచిన చెంపతోనే గాలిలోకి లేచి, కుర్చీ విరిచి, పైకప్పు చూపు కూడా చూసి పడ్డాడు. "ఇదీ దెబ్బంటే!" అని దర్శకుడు లేచి వచ్చి కథానాయకుడిని కౌగిలించుకున్నాడు. పడ్డవాడిని లేపడానికి మాస్టరుగారొక్కరే వెళ్లారు.

వేగం విషయంలో మా ఇబ్బంది బ్రూస్ లీ ఇబ్బందికి సరిగ్గా తలకిందులు. 1966లో మొదలైన ఒక అమెరికా టెలివిజన్ ధారావాహికలో ఆయన చేతులు కెమెరాకు అందనంత వేగంగా కదలడంతో కాస్త నెమ్మదిగా కొట్టమని అడగవలసి వచ్చిందంటారు. మా కథానాయకుడు కాలెత్తితే, అది దిగేలోగా కెమెరామేన్ ఫోకస్ రెండుసార్లు సరిచూసుకునేవాడు. దీనికి మందు అందరికీ తెలిసినదే: సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 తీసి, మామూలు వేగంతో ప్రదర్శిస్తే పోరాటానికి కొద్దిగా చురుకు వస్తుంది, చూసేవాడికి అనుమానం రాదు. మా కథానాయకుడికి 22 సరిపోక 18కి దించారు. కాలు బాగానే లేచింది. దానితోపాటు వెనక గోడ మీది గడియారంలో సెకన్ల ముల్లు కూడా తరుముకొచ్చినట్టు తిరిగింది. అదే సమయంలో చిత్రీకరణ జరుగుతున్నదని గమనించక లెక్కల కాగితాలు పట్టుకుని వెనకగా నడిచిపోయిన నిర్మాతగారు, తెర మీద, మూకీ సినిమాలలోని దొంగలా చిన్న చిన్న అంగలతో పరుగెత్తారు. బాగా వచ్చిన టేక్ అదొక్కటే కావడంతో ఎడిటరు దానికి కత్తెర వేయనన్నాడు. మళ్లీ నా వైపే చూశారు. "అదుగో, లెక్కలు పట్టుకుని పారిపోతున్నాడు, పట్టుకోండి!" అని ఒక రౌడీ చేత అనిపించాను. నిర్మాతగారు ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు.

అన్నిటికన్నా పెద్ద చిల్లు డబ్బింగులో బయటపడింది. పోరాటాన్ని ఎప్పుడూ నాలుగైదు దెబ్బల చిన్న ముక్కలుగా కంపోజ్ చేసి, అంకెలతో నేర్పుతారు. ఒకటికి ఎడమ చెయ్యి, రెండుకు కుడి చెయ్యి, మూడుకు తప్పుకోవడం, ఇలా. నేర్చినవాళ్లు అంకెలను మనసులో లెక్కపెట్టుకుంటారు. మా కథానాయకుడు పైకే లెక్కపెట్టాడు. సెట్లో గోల వల్ల ఎవరికీ వినబడలేదు కానీ, క్లోజప్పులో పెదవులు "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని అక్షరం పొల్లుపోకుండా పలుకుతున్నాయి. పెదవుల కదలికకు సరిపడే మాటలు రాయమన్నారు. తెర ముందు కూర్చుని ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క తిట్టు కుదిర్చాను: "ఒరేయ్! రండిరా! మూర్ఖుల్లారా! నాతోనా? అయిపోయారు!" డబ్బింగ్ ఇంజనీరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నా సాహిత్య జీవితంలో ఇంతటి ఛందోబద్ధమైన రచన మరొకటి లేదు.

అయితే ఆఖరి ముక్కలో కథానాయకుడు లెక్క మరచిపోయాడు. కాలు సగం ఎత్తి ఆగి, కెమెరా పక్కగా పైకి చూసి, "మాస్టారూ, తరువాత ఏ కాలు?" అన్నాడు. కళ్లలో నిజమైన వేదన ఉంది. ఆ వెంటనే జవాబు అందిందేమో, సినిమా మొత్తంలోకీ చక్కటి తన్ను తన్నాడు. ఆ తన్ను వదులుకోవడానికి దర్శకుడు ససేమిరా ఒప్పుకోలేదు. ఎంత తిప్పి చూసినా ఆ పెదవుల మీద వేరే మాట కూర్చోలేదు. చివరికి మాటను అలాగే ఉంచి కథనే మార్చాం: కథానాయకుడికి చిన్ననాడు విద్య నేర్పి కన్నుమూసిన ఒక గురువు ఉన్నాడనీ, కష్టకాలంలో గోడ మీది ఆయన పటం వైపు చూసి దారి అడుగుతాడనీ కల్పించి, అందుకు ఒక పటం షాట్ తీయాలని తేల్చాం. కొత్త నటుడికి నిర్మాతగారి దగ్గర డబ్బు లేదు కనుక ఫైట్ మాస్టరుగారి ఫొటోనే అడిగాం. ఇన్ని సినిమాలలో ఇన్ని వందల మందిని పడగొట్టిన తనను, ఒక్క దెబ్బయినా తినకుండా పటంలో పెట్టడం అవమానమని ఆయన మొదట మండిపడ్డారు. నిర్మాతగారు స్వయంగా వెళ్లి బతిమాలిన మీదట ఫొటో ఇచ్చారు కానీ, గురువు ముసలితనం వల్ల పోయినట్టు స్పష్టంగా ఒక మాట ఉండాలనీ, ఆ కథానాయకుడి శిక్షణలో పోయినట్టు ఎక్కడా అనుమానం రాకూడదనీ షరతు పెట్టారు. ఆ మాట కూడా నేనే రాశాను.