ఛాంపియన్ జట్టుకు సొంతూళ్లో ఒక్క మ్యాచ్ ఇవ్వలేరా?

2024 సెప్టెంబర్‌లో స్వీడన్ ఫుట్‌బాల్ క్లబ్ హేకెన్ తన సొంత మైదానంలో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ మహిళల జట్టును 1-0తో ఓడించింది. అది యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ మహిళల ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫైయింగ్‌లో రెండో రౌండ్. తర్వాతి వారం లండన్ శివార్లలోని సొంత మైదానంలో ఆర్సెనల్ 4-0తో బదులు తీర్చుకుని, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తే పైచేయి సాధించి గ్రూప్ దశకు వెళ్లింది. 2025 మే 24న లిస్బన్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించి కప్పు కూడా కొట్టేసింది. క్వాలిఫైయింగ్ తొలి రౌండ్ నుంచి ఆట మొదలుపెట్టి ట్రోఫీ దాకా వెళ్లిన మొదటి జట్టు అదే. దానికోసం మొత్తం 15 మ్యాచ్‌లు ఆడింది.

హేకెన్‌తో జరిగింది ఒక్క మ్యాచ్ పోరే అయితే ఆర్సెనల్ కథ సెప్టెంబర్‌లోనే ముగిసేది. అంతకుముందు ఏడాది సరిగ్గా అలాగే ముగిసింది. 2023లో తొలి రౌండ్ మినీ టోర్నీ స్వీడన్‌లోని లింషోపింగ్‌లో జరిగింది. అక్కడ పారిస్ ఎఫ్‌సీతో 3-3తో సమమై, పెనాల్టీ షూటౌట్‌లో 2-4తో ఓడి ఆర్సెనల్ ఇంటికి వచ్చేసింది. అప్పటికి నాలుగు నెలల ముందే ఎమిరేట్స్ స్టేడియంలో 60 వేల మంది ముందు సెమీఫైనల్ ఆడిన జట్టు అది. మహిళల ప్రపంచకప్ ఫైనల్ ముగిసి అప్పటికి మూడు వారాలే. అదే రౌండ్‌లో యువెంటస్ కూడా ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో పెనాల్టీలతోనే ఇంటిదారి పట్టింది.

అప్పట్లో ఇంగ్లిష్ పత్రికల్లో గోల అంతా ఆర్సెనల్‌కు అన్యాయం జరిగిందన్న దాని మీదే నడిచింది. నాకు ఆర్సెనల్ మీద పెద్ద జాలి లేదు. డబ్బూ స్టేడియమూ ఉన్న క్లబ్బులకు మళ్లీ అవకాశం వస్తుంది, వచ్చింది కూడా. నా కోపం ఈ మినీ టోర్నీ పద్ధతి మీద. నాలుగు దేశాల జట్లను ఒకే ఊరికి పిలిచి, ఒక సెమీఫైనల్, ఒక ఫైనల్ పెట్టి, గెలిచినవాళ్లను ముందుకు పంపి మిగతావాళ్లను ఇంటికి పంపే పద్ధతి ఇది. పెద్ద క్లబ్బులకు కలిగే నష్టం ఇందులో చిన్నది. అసలు దెబ్బ తగిలేది చిన్న దేశాల ఛాంపియన్లకు. ఏడాదంతా ఆడి దేశంలో నంబర్ వన్ అయిన జట్టు యూరప్ టోర్నీలో తన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఇంటికి రావచ్చు. ఆ జట్టు కోసం ఏడాదంతా చప్పట్లు కొట్టినవాళ్లు ఆ ఆటను ఫోన్‌లో చూసుకోవాల్సిందే.

2018ని గుర్తు చేసుకోండి. అప్పుడు 32 జట్ల రౌండ్ నుంచే ఇంటా బయటా రెండు మ్యాచ్‌లు ఉండేవి. కజకిస్తాన్‌లోని షిమ్‌కెంట్‌కు బార్సిలోనా వెళ్లింది. అక్కడి బిక్ క్లబ్ బార్సిలోనాను 3-1తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో బార్సిలోనా 3-0తో గెలిచి, మొత్తం మీద 4-3తో బయటపడింది. అదే సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లి లియోన్ చేతిలో ఓడింది. ఆ తర్వాత 2021, 2023, 2024లలో కప్పులు గెలిచింది. ఈ శతాబ్దపు గొప్ప మహిళల జట్లలో ఒకటిగా పేరు తెచ్చుకున్న బార్సిలోనా ఎదుగుతున్న రోజుల్లో షిమ్‌కెంట్‌లో దెబ్బ తిన్నది. ఆ రోజు స్టేడియంలో కూర్చున్న కజక్ ఆడపిల్లకు ఏ అకాడమీ, ఏ ప్రచారమూ చెప్పలేని పాఠం అది. పెద్ద జట్టు మన ఊరికి వస్తుందనీ, మన జట్టు దాన్ని ఓడించగలదనీ ఆ పిల్ల కళ్లారా చూసింది.

రెండు మ్యాచ్‌ల పద్ధతి బలం ఇదే. చిన్న క్లబ్‌కు సొంతూళ్లో ఒక రోజు దొరుకుతుంది, పెద్ద క్లబ్‌కు తప్పు దిద్దుకునే అవకాశం దొరుకుతుంది. షిమ్‌కెంట్‌లోనూ హేకెన్ మైదానంలోనూ జరిగింది అదే. రెండు సందర్భాల్లోనూ బలమైన జట్టు తేరుకుని ఫైనల్ దాకా వెళ్లింది. ఎవరికీ అన్యాయం జరగలేదు. పైగా సంచలనాలకు రెండు మ్యాచ్‌లు అడ్డు అనుకోవడం పొరపాటు. లింషోపింగ్‌లో ఆర్సెనల్‌ను పంపించేసిన పారిస్ ఎఫ్‌సీ ఆ తర్వాతి రౌండ్‌లో, అంతకుముందు సీజన్ రన్నరప్ వోల్ఫ్స్‌బర్గ్‌తో ఆడింది. పారిస్‌లో 3-3, జర్మనీకి వెళ్లి 2-0. ఆ గెలుపును షూటౌట్ లాటరీ అని ఎవరూ అనలేరు. నూట ఎనభై నిమిషాల ఆట తర్వాత వచ్చిన గెలుపు అది.

మినీ టోర్నీలో ఇంకో తేడా కూడా ఉంది. నాలుగు జట్లలో ఒకటి ఆతిథ్య జట్టు. ఒక్క మ్యాచ్ నాకౌట్‌లో ఒకరికి మాత్రమే సొంత మైదానం ఉంటే, ఆ పోటీ మొదటి విజిల్ మోగక ముందే కాస్త ఒక వైపుకు ఒరిగిపోతుంది. 2022లో మాంచెస్టర్ సిటీ మాడ్రిడ్‌కు వెళ్లి, రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో 0-1తో ఓడింది. ఆ గోల్ కొట్టింది కొద్ది వారాల ముందే సిటీని వదిలి వచ్చిన కెరొలైన్ వియర్. రియల్ బాగా ఆడింది, కాదనను. కానీ అదే జోడీ మాంచెస్టర్‌లో మరో మ్యాచ్ ఆడి ఉంటే ఫలితం గురించి ఇంత ఖాయంగా చెప్పగలమా?

పురుషుల ఛాంపియన్స్ లీగ్‌లో ఈ ప్రశ్నే రాదు. అక్కడ ఇప్పుడు క్వాలిఫైయింగ్ తొలి రౌండ్ నుంచీ ఇంటా బయటా రెండు మ్యాచ్‌లే. అదే కజకిస్తాన్‌కు చెందిన కైరత్ అల్మటీ 2025లో తొలి క్వాలిఫైయింగ్ రౌండ్‌లో మొదలుపెట్టి, ప్లేఆఫ్‌లో సెల్టిక్‌ను పెనాల్టీలతో ఓడించి లీగ్ దశకు చేరింది. గ్లాస్గోలో 0-0, అల్మటీలో 0-0, సొంత జనం ముందు షూటౌట్. ఆ సెప్టెంబర్‌లో రియల్ మాడ్రిడ్ అల్మటీకి వచ్చి 5-0తో గెలిచింది. స్కోరు సంగతి పక్కన పెట్టండి. ఆ దేశపు పురుషుల ఛాంపియన్ జట్టు ఒక్కో రౌండ్ దాటుతుంటే ప్రతిసారీ సొంత ఊరు పక్కనే ఉండి చూసింది. అదే దేశపు మహిళల ఛాంపియన్ జట్టు ఇప్పుడు తొలి రౌండ్‌లో సూట్‌కేస్ సర్దుకుని, డ్రా ఏ ఊరు చూపిస్తే ఆ ఊరికి వెళ్లాలి.

దీనికి నిర్వాహకుల వైపు వాదన ఉంది, అది తీసిపారేసేదేమీ కాదు. మహిళల క్లబ్బులు చాలావాటికి డబ్బు తక్కువ. కొన్ని దేశాల్లో ఆటగాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కు వస్తారు. నాలుగు జట్లు ఒకే ఊరికి ఒక్కసారి వస్తే ప్రయాణం, హోటల్, రిఫరీల ఖర్చు కలిసొస్తుంది, వారం లోపే రౌండ్ పూర్తవుతుంది, ఆగస్టులో ఎలాగూ తేదీలు తక్కువ. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

కానీ ఈ వాదనను యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏయే 2025లో తన చేతులారా కొట్టిపారేసింది. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్‌ను 18 జట్ల లీగ్ దశగా మార్చారు. 9 జట్లకు నేరుగా ప్రవేశం, మిగతా 9 క్వాలిఫైయింగ్ నుంచి. దాంతో పాటే మహిళల యూరోపా కప్ అనే రెండో టోర్నీ కొత్తగా పెట్టారు. ఆ రెండో టోర్నీలో క్వాలిఫైయింగ్ రౌండ్లు కూడా ఇంటా బయటా రెండు మ్యాచ్‌లే. ఆఖరికి ఫైనల్ కూడా రెండు మ్యాచ్‌లే! ఛాంపియన్స్ లీగ్ రెండో రౌండ్ మినీ టోర్నీల్లో ఓడిన చాలా జట్లు ఆ కప్‌లోకే వెళ్తాయి. అంటే యూరప్ పెద్ద టోర్నీలో ఓడాకే ఒక చిన్న క్లబ్‌కు తన ఊళ్లో యూరప్ మ్యాచ్ దొరుకుతోంది. గెలుస్తూ పోయిన జట్టు ఇంటా బయటా రెండు మ్యాచ్‌లుండే మూడో రౌండ్ దాకా ఆగాలి. ఖర్చే అడ్డు అయితే, రెండో శ్రేణి టోర్నీలో ఆ ఖర్చు ఎలా భరిస్తున్నారు? తేదీలే లేవంటే, ఆ టోర్నీకి తేదీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ రెండు ప్రశ్నలకు నాకైతే జవాబు కనిపించడం లేదు.

ఇదంతా యూరప్ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలు మనీషా కల్యాణ్. పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా అమ్మాయి. 2022 ఆగస్టు 18న ఆమె ఆడింది సరిగ్గా ఈ క్వాలిఫైయింగ్ మినీ టోర్నీలోనే. సైప్రస్ క్లబ్ అపొలోన్ తరఫున లాత్వియా ఛాంపియన్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగింది, జట్టు 3-0తో గెలిచింది. ఆ మినీ టోర్నీ సైప్రస్‌లోనే జరగడం అపొలోన్ అదృష్టం. మిగతా మూడు జట్లకు ఆ అదృష్టం లేదు.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. మనీషా అంతకుముందు ఆడిన గోకులం కేరళ జట్టు ఆసియా క్లబ్ టోర్నీ కోసం ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు వెళ్లింది. విమానం దిగేసరికి భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసిందన్న వార్త వచ్చింది. అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. పెద్దల తగాదాలో ఆ అమ్మాయిల తప్పు ఒక్కటి కూడా లేదు. ఇప్పటికీ ఆ వారం గుర్తొస్తే నా కడుపు మండుతుంది.

అదే గోకులం కేరళ అప్పటికి ఇండియన్ విమెన్స్ లీగ్‌లో డిఫెండింగ్ ఛాంపియన్. 2019-20లో బెంగళూరులో, 2021-22లో భువనేశ్వర్‌లో, ఆ తర్వాత 2022-23లో అహ్మదాబాద్‌లో వరుసగా మూడు టైటిళ్లు గెలిచింది. మూడింటిలో ఒక్కటీ కేరళలో కాదు. ఎందుకంటే అప్పట్లో మన లీగ్ మొత్తాన్నీ ఒకే ఊళ్లో ఆడించేవారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మలబారు జనం తమ ఆడపిల్లల జట్టు మూడుసార్లు దేశం గెలిస్తే ఒక్కసారి కూడా ఆ మైదానంలో లేరు. 2023-24లో గానీ ఇంటా బయటా మ్యాచ్‌ల పద్ధతి రాలేదు.

ఒకే ఊళ్లో ఆడించడం మహిళల ఆటకు ఎక్కడైనా మొదటి ఆలోచనగా వస్తుంది. కుర్రాళ్ల ఆటలో అది ఆఖరి మార్గం. కోవిడ్ లాంటి విపత్తు వచ్చినప్పుడే ఆ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్‌నే చూడండి. 2025లో ఈస్ట్ బెంగాల్ ప్రాథమిక దశను కంబోడియాలోని నాంపెన్‌లో దాటింది. గ్రూప్ దశ చైనాలోని వుహాన్‌లో. అక్కడ ఇరాన్ క్లబ్ బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది. రెండు సొంతూరి జట్లు తలపడే డెర్బీ రోజున ఊరు రెండుగా చీలిపోయే కోల్‌కతాలో, ఆ జట్టు ఆసియా మ్యాచ్ ఒక్కటి కూడా జరగలేదు.

ఆ ఈస్ట్ బెంగాల్‌ను 2024-25 దేశ ఛాంపియన్‌గా నిలబెట్టిన జట్టులో మన సౌమ్య గుగులోత్ ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తెలుగు నేల నుంచి అంత దూరం వెళ్లిన ఫుట్‌బాల్ ఆటగత్తె పేరు మన టీవీల్లో ఎన్నిసార్లు వినిపించింది? ఆమె ఆటను నిజామాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో గ్యాలరీలో కూర్చుని చూసే అవకాశం మన పిల్లలకు ఎప్పుడు వచ్చింది? చూడనిదాన్ని పిల్లలు ఎలా కోరుకుంటారు? పిల్ల ఆడతానంటే వద్దనే తండ్రి మనసు కూడా, పక్క స్టేడియంలో వేల మంది ఆ ఆటకు లేచి నిలబడటం చూస్తేనే మారుతుంది. టీవీలో ఎక్కడో పరాయి ఊళ్లో ఖాళీ కుర్చీల ముందు జరిగే మ్యాచ్ చూస్తే మారదు.

అందుకే షిమ్‌కెంట్ సంగతి నిజామాబాద్‌కు పట్టాలి అంటున్నాను. యూరప్‌లో ఏది పద్ధతి అయితే, కొన్నేళ్లకు ఆసియాలోనూ అదే పద్ధతి అవుతుంది. మహిళల క్వాలిఫైయింగ్ అంటే ఒకే ఊళ్లో నాలుగు జట్లు అనేది వాళ్ల దగ్గర స్థిరపడితే, ఇక్కడ ఇంటి మ్యాచ్ అడిగేవాళ్ల నోరు మూయించడానికి అది చాలు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. క్వాలిఫైయింగ్‌లో రెండు దారులున్నాయి. దేశ ఛాంపియన్లు వెళ్లే దారి ఒకటి, పెద్ద లీగుల్లో రెండు మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు వెళ్లే దారి ఇంకోటి. రెండో దారిలో ఉన్నవి ఎక్కువగా ఎలాగైనా నెట్టుకు రాగల పెద్ద క్లబ్బులే, వాటి విషయం తర్వాత చూడొచ్చు. ముందుగా ఛాంపియన్ల దారిలో, కనీసం రెండో రౌండ్ నుంచి, ఇంటా బయటా రెండు మ్యాచ్‌లు పెట్టాలి. ప్రయాణ ఖర్చు యూఈఎఫ్‌ఏ భరించాలి. పురుషుల టోర్నీల్లో ఏటా వందల కోట్ల యూరోలు పంచే సంస్థకు ఇది భారం కాదు. అప్పటిదాకా మినీ టోర్నీలు తప్పవంటే, ఆతిథ్యం నాలుగు జట్లలో ర్యాంకింగ్‌లో అన్నిటికన్నా కింద ఉన్న ఛాంపియన్‌కు దక్కాలి. వచ్చే డ్రా నుంచే ఈ ఒక్క నిబంధన మార్చవచ్చు.