తిప్పతీగ యాంటీబయాటిక్‌కు బదులు కాదు

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం ఇది: "తిప్పతీగ రసం అన్ని బ్యాక్టీరియాలనూ చంపుతుందని ల్యాబ్‌లో రుజువైంది. యాంటీబయాటిక్స్ మానేసి రోజూ తాగండి. సహజం కాబట్టి హాని లేదు. టిష్యూ కల్చర్ మొక్క మాత్రం వద్దు, అది జన్యుమార్పిడిది, గుణం ఉండదు."

ల్యాబ్ మాటలో కొంత నిజముంది. ఎండిన కాండం పొడిని మిథనాల్ లాంటి ద్రావకంలో నానబెట్టి, ఆ సారాన్ని చిక్కబరచి, చిన్న కాగితం బిళ్లలకు పట్టించి, బ్యాక్టీరియా పూసిన అగర్ (జెల్లీ లాంటి పదార్థం) ప్లేటు మీద పెడతారు. 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడుతుంది. వెనిగర్ పెట్టినా అలాంటి వలయం వస్తుంది. అంతమాత్రాన వెనిగర్ తాగితే న్యుమోనియా తగ్గదు. "అన్ని బ్యాక్టీరియాలూ" అన్నదీ తప్పే. ఇ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ రకాలకు అదనంగా ఒక బయటి పొర ఉంటుంది, అవి మొక్కల సారాలకు అంత తేలిగ్గా లొంగవు. పైగా మనం ఇంట్లో తాగేది మిథనాల్ సారం కాదు, నీళ్లలో కాచిన కషాయం. తాగినదంతా రక్తంలోకి చేరదు కూడా. ఈ పరీక్షల్లో తరచూ వినిపించే బెర్బెరిన్ అనే మొక్కల రసాయనాన్ని నోటితో తీసుకుంటే పేగుల నుంచి రక్తంలోకి వెళ్లేది అతి స్వల్పం.

కాబట్టి డాక్టర్ రాసిన కోర్సు మధ్యలో ఆపకండి.

హాని లేదన్న మాటే నన్ను ఎక్కువ భయపెడుతోంది. కోవిడ్ సమయంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. తిప్పతీగను పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగను పొరబడి వాడి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదన. ఏది నిజమైనా, మీ ఇంట్లో ఎవరైనా రోజూ తాగుతూ కళ్లు పచ్చబడితే వెంటనే ఆపి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఇక టిష్యూ కల్చర్. ఇందులో జన్యువులు మార్చే పనే లేదు. కణుపు ముక్కను శుభ్రపరచి, లవణాలు, చక్కెర, హార్మోన్ కలిపిన అగర్ మీద పెడితే కణుపులోని మొగ్గే చిగురిస్తుంది. వేర్లు వచ్చాక నీడలో మెల్లగా బయటి గాలికి అలవాటు చేస్తారు. మన రైతులు వేసే గ్రాండ్ నైన్ రకం అరటి మొక్కలూ చాలావరకు టిష్యూ కల్చర్‌తో వచ్చినవే. గుణం ఎంతన్నది వయసు, నేల, కోత కాలం మీద ఆధారపడుతుంది. అడవిలో దొరికిన తీగ ఏ జాతిదో కొనేవాళ్లకు తెలియదు. ల్యాబ్‌లో అయితే తల్లి మొక్కను ఒక్కసారి సరిగ్గా గుర్తిస్తే, దాని నుంచి వచ్చే వేల మొక్కలూ ఆ జాతివే. ఆ పొరపాటును అడ్డుకోగల పద్ధతినే ఈ సందేశం వద్దంటోంది.